చుక్క కారని తొట్టి

"కారుతోంది మద్దిలేటీ! నువ్వు కట్టిన తొట్టి కారుతోంది!" అని అరిచాడు సదాశివరావు.

మేస్త్రీ మద్దిలేటి తలగుడ్డ తీసి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు.

"కారడమా? నేను కట్టినేదా? గానుగ సున్నంతో కట్టి పైన సిమెంటు పూసినా సామీ. మా నాయన కాలం నుంచి మా చేతి తొట్లు చుక్క కారలే."

"అయితే రోజూ రెండు బిందెల నీళ్లు పోయిస్తున్నాను. అవన్నీ ఏమవుతున్నాయి? రెక్కలొచ్చి ఎగిరిపోతున్నాయా?"

"ఎండకు ఇగిరిపోతాండాయేమో."

"శ్రావణ మాసంలో, ఇంట్లో, నీడలో, ఎండ వచ్చి రెండు బిందెలు తాగిపోతుందా?"

సదాశివరావు కోస్తా నుంచి వచ్చిన సర్కారు ఆఫీసరు. కర్నూలు రాజధాని అయ్యాక సగం మంది ఉద్యోగులు డేరాల్లో కాపురం చేస్తుంటే ఆయనకు మాత్రం రాతి మిద్దె దొరికింది. మిద్దె దొరికిన మనిషి ఊరికే కూర్చుంటాడా? మద్రాసు నుంచి మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత గాజుపెట్టె, అందులోకి ముప్పై బంగారు చేపలు తెప్పించాడు. ఆ నీళ్లు శుభ్రం చేసే ఏర్పాటు కూడా ఏదో ఇంగ్లీషు పుస్తకం చూసి కట్టించుకున్నాడు.

గాజుపెట్టె హాల్లో ఉంటుంది. గోడకు అవతల, వెనక గదిలో, దానికంటే పల్లంలో నాలుగు అరల తొట్టి. పెట్టె నిండి పొర్లిన నీళ్లు గొట్టం గుండా మొదటి అరలోకి దిగుతాయి. అందులో గులకరాళ్లు, రెండో అరలో ఇసుక, మూడోదాంట్లో బొగ్గులు. ఎర్రటి ఏటినీళ్లు పోసినా సరే, నాలుగో అరకు చేరేసరికి అద్దంలా తేరుకుంటాయి. అక్కడి నుంచి చేతిపంపుతో మళ్లీ పైకి కొట్టాలి. ఆ కొట్టేది సదాశివరావే. పొద్దున నూరు, సాయంత్రం నూరు. గులకరాళ్లకు పట్టిన పాచిని మాత్రం ఎవరినీ కడగనివ్వడు. చేపల మురికిని తినేది ఆ పాచేనట! ఆ మాట విన్న రోజు మద్దిలేటి ఇంటికిపోయి పెళ్లాంతో చెప్పి కడుపుబ్బ నవ్వాడు.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. మూడుసార్లు తొట్టి ఖాళీ చేసి మూడుసార్లు పూత పూశాడు. అయినా నాలుగో అరలో నీళ్లు రోజూ జానెడు దిగుతూనే ఉన్నాయి.

"చూడు మద్దిలేటీ. కొత్త ఆఫీసుల దగ్గర నీళ్ల ట్యాంకులు నీ చేత కట్టించమని ఇంజనీరు గారికి నేనే చెప్పాను. చేపల తొట్టిలోనే నీళ్లు నిలపలేనివాడివి, అంత పెద్ద ట్యాంకులు ఏం కడతావు? రేపు వేరే మేస్త్రీని చూసుకోమంటాను."

మద్దిలేటి చేతిలోని తాపీ వంక చూసుకున్నాడు. పని పోతే పోయింది, కారే తొట్టి కట్టాడన్న పేరు పడితే ఈ ఊళ్లో అతని చేత అరుగు కూడా ఎవరూ కట్టించుకోరు. ఆ తలపుకే అతనికి ఏడుపు వచ్చినంత పనైంది.

"రేపటి దాకా గడువియ్యండి సామీ. ఎండకూ గాలికీ పోకుండా తొట్టి మీద నాపబండలు కప్పుదాం. గదికి తాళం ఏసి చెవి మీ దగ్గరే పెట్టుకోండి. తెల్లారినాక ఎంట్రుకవాసి దిగినా, ఈ తాపీ తీస్కపోయి తుంగభద్రలో పారేస్తా!"

సదాశివరావుకు పందెం నచ్చింది. బొగ్గుముక్కతో నాలుగో అర గోడ మీద నీళ్ల అంచున గీత గీశాడు. ఇద్దరూ కలిసి బండలు మోసి కప్పారు. వంటమనిషి గంగక్క తలుపు దగ్గరకు వచ్చి వింతగా చూసింది.

"ఈ గదికి తాళమా సామీ?"

"అవును. పందెం తేలేదాకా చీమ కూడా లోపలికి దూరకూడదు."

"మీ ఇష్టం," అని గంగక్క వెళ్లిపోయింది. ఆయన తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు.

మద్దిలేటి మర్నాడు పొద్దు పొడవకముందే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తనకు పేరిచ్చిన మద్దిలేటి స్వామికి కొబ్బరికాయ మొక్కుకున్నాడు. అది చాలదేమోనని ఇంకోటి కూడా మొక్కుకున్నాడు.

సదాశివరావు లేచి వచ్చి తాళం తీశాడు. బండ జరిపారు. ఆయన వంగి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. నీళ్లు సరిగ్గా గీత మీదే ఉన్నాయి.

"కారలేదు మద్దిలేటీ! చుక్క కారలేదోయ్!"

"నేను చెప్పలే సామీ!" మద్దిలేటి కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి.

"చెప్పావు. నేనే నిన్ను అనుమానించాను. ట్యాంకుల పని నీదే. ఇవాళే నిన్ను ఇంజనీరు గారి దగ్గరికి తీసుకెళతాను." అంతలోనే ఆయన గడ్డం గోక్కున్నాడు. "మరి ఇన్నాళ్లూ ఆ నీళ్లన్నీ ఏమైనట్టు?"

"నాకేం తెలుసు సామీ. మీ చేపలే తాగినాయేమో."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ సంతోషంలో సదాశివరావు వంటింటి వైపు తిరిగి కేకేశాడు.

"గంగక్కా! మేస్త్రీకీ నాకూ మంచి కాఫీ పెట్టు!"

గంగక్క రెండు ఖాళీ బిందెలతో గబగబా వచ్చి, ఇద్దరినీ దాటుకుని నాలుగో అర దగ్గర వంగింది.

"రవ్వంత ఓర్చుకోండి సామీ, తాళం ఇప్పుడే గదా తీస్తిరి, కాపీకి నీళ్లు ముంచుకోనీండి!"