నిజం ఒంటెలు

"ఆ పిల్లని ఈ సినిమాకి తీసుకెళ్లే పని లేదు," అన్నాడు రాజాబాబు, చెప్పులు విడుస్తూనే.

"అదేంటండీ! బాన్సువాడంతా ఎదురు చూస్తుంటే దాన్నొక్కదాన్నే వద్దంటారా?" అంది భార్య విజయశ్రీ.

"ఊరికి ఒక పూట సరదా. దానికి అసలుకే మోసం."

ఆ పిల్ల పేరు నీల. రాజాబాబు ధాన్యం కొట్టులో వడ్లు చెరిగే దేవీబాయి మనవరాలు. అవ్వ చేట పట్టగానే నీల రాజాబాబు ఇంట్లో టీవీ ముందు చేరేది. వీసీఆర్‌లో ఎప్పుడూ ఒకటే క్యాసెట్, ఎడారిలో తప్పిపోయిన ఒంటెపిల్ల బొమ్మల సినిమా. మాటలు హిందీలో ఉండేవి. నీలకు లంబాడీ తండా మాటా, తెలుగూ తప్ప మరొకటి రాదని రాజాబాబు పక్కన కూర్చుని తెలుగులో చెప్పేవాడు. మహారాష్ట్ర లారీల వాళ్లతో బేరాలాడి నేర్చిన హిందీ ఆయనది.

ఆ కథలో నీళ్లు వెతకడానికి వెళ్లిన తల్లి ఒంటె చచ్చిపోతుంది. చావు బొమ్మల్లో కనబడదు. ఇసుక గాలి లేస్తుంది, అంతే. తర్వాత ఒంటెలు తోలే తాత ఒకడు వచ్చి, పిల్ల మెడ నిమిరి ఆ కబురు చెబుతాడు. సరిగ్గా అక్కడికి రాగానే రాజాబాబు గొంతు పెంచేవాడు.

"మీ అమ్మ దూరం పోయిందమ్మా, వానలు పడగానే వచ్చేస్తుంది అంటున్నాడు తాత."

నీల ఆయన ముఖంలోకి చూసి తలూపేది.

ఆ అబద్ధం ఆయన సొంతం కాదు, దేవీబాయిది. నీల తల్లి ధర్మి చెరుకు కోతకు సరిహద్దు దాటి వెళ్లి జ్వరంతో పోయింది. అక్కడే మట్టి చేశారు. వానలు పడంగనే అమ్మొస్తదని అవ్వ పిల్లకు చెప్పింది. రాజాబాబు ఆ అబద్ధానికి తన ఇంట్లో చోటిచ్చాడు. వానలు పడ్డాయి, వెలిశాయి. అబద్ధమూ వడ్ల లాంటిదే, నిలవ ఉంచేకొద్దీ పురుగు పడుతుంది. ఆ సంగతి వ్యాపారికి తెలుసు. మూట విప్పే ధైర్యమే చాలలేదు.

ఇప్పుడు అదే కథను నిజం ఒంటెలతో, నిజం మనుషులతో మళ్లీ తీశారు. తెలుగు మాటలతో వస్తోందని సంత గోడల మీద పోస్టర్లు పడ్డాయి. ఆనాటి నుంచి నీలకు వేరే ధ్యాస లేదు.

"మామా, గా సినిమా ఎప్పుడు పడ్తది?"

"వస్తుందిలే."

"మొత్తం తెలుగులనేనా? తాత మాట్లాడేది సుత?"

"అంతా తెలుగే."

"గట్లయితే నువ్వు సుత రావాలె. నువ్వు రాకుంటే నేను పోను."

ఆ రోజు రాజాబాబుకు అన్నం సయించలేదు.

మర్నాడు దేవీబాయి చేట పక్కన పెట్టి చేతులు జోడించింది. "దానికి చెప్పకు సేటూ. తల్లి వస్తదన్న ఆశ మీదనే రెండు ముద్దలు తింటది. బిడ్డను పోగొట్టుకున్న. గిది సుత పోతె నేనెట్ల బతకాలె?"

రాజాబాబు తిన్నగా టాకీసుకు వెళ్లాడు. మేనేజరు హరనాథబాబు తమలాగే కోస్తా నుంచి వచ్చి వర్ని కాలువ కింద పొలం కొన్నవాడు. ఆయనకు పిల్ల సంగతంతా చెప్పాడు.

"ఆ తాత మాట్లాడే ముక్క ఒక్కటి తీయించలేవా?"

"వడ్లలో తాలనుకున్నావా, చెరిగి పారబోయడానికి?" అని నవ్వాడు హరనాథబాబు. "రీలు కత్తిరిస్తే పైవాళ్లు నన్ను కత్తిరిస్తారు. పిల్లని తీసుకురాకు, సరిపోద్ది."

"తీసుకురాకపోతే చూసొచ్చినవాడెవడో తల్లి ఒంటె చచ్చిపోయిందని తండాలో చెప్పేస్తాడు. దారిలో విని అది కూలబడిపోతే ఎత్తుకోడానికి ఎవరుంటారు?"

హరనాథబాబు నవ్వడం మానేశాడు. "అయితే తాత రాగానే బయటికి తీసుకెళ్లు. సోడా అను, ఏదో ఒకటి అను. గేటు దగ్గర మనిషికి నేను చెప్పి ఉంచుతా."

రాజాబాబు బేరం కుదిరినట్టే అనుకున్నాడు.

మ్యాట్నీకి హాలు నిండిపోయింది. తెర మీద మొదటి ఒంటె కనబడగానే ఈలలు.

"అరె, నిజం ఒంటెనేరా!"

"అచ్చం మా బావ నడకనే!"

"మీ బావకు గంత మెడ ఏడిదిరా?"

హాలంతా నవ్వింది. నీల నవ్వలేదు. తెర వంక కొంతసేపు, రాజాబాబు వంక కొంతసేపు చూస్తూ కూర్చుంది. ఆయన మాత్రం బయటికి వెళ్లే తలుపునే చూస్తున్నాడు.

ఇసుక గాలి లేచింది. ఈలలు ఆగిపోయాయి. తల్లి ఒంటె ఆ దుమ్ములో నడిచి నడిచి కనబడకుండా పోయింది. గాలి తగ్గాక తలపాగా చుట్టుకున్న తాత ఒకడు మెల్లగా వచ్చి పిల్ల ఒంటె పక్కన కూలబడ్డాడు.

రాజాబాబు గబుక్కున లేచాడు. "పద నీలా, సోడా తాగొద్దాం."

"నాకొద్దు."

"మళ్లీ వచ్చేద్దాంలే. రా తల్లీ, రా." ఆయన కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

తాత చెయ్యి ఒంటెపిల్ల మెడ మీద పడింది. నీల రాజాబాబు చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కుర్చీలోకి లాగింది.

"కూసో మామా, గా క్యాసెట్ల హిందీ మా తండా మాట లెక్కనే ఉంటది, పాపం నీకే సమజ్ కాలే... మా అమ్మ తీర్గ దాని అమ్మ సుత ఎప్పుడో సచ్చిపోయింది, ఇప్పుడు తాత నీకు తెలుగుల చెప్తడు, ఏడ్వకు, నేను పక్కపొంటే ఉన్న."