ఆగని పచ్చ చుక్కలు

ల్యాబ్‌లో ఫ్రీజర్ గురగుర తప్ప మరో చప్పుడు లేదు. చనిపోయిన తన అక్క తెల్ల రక్తకణాలున్న గొట్టాన్ని టెక్నీషియన్ ఫ్రీజర్ మంచులోంచి తీసి, కొత్త మోనోక్లోనల్ యాంటీబాడీ కలిపి యంత్రంలో పెట్టాడు. యాంటీబాడీ అంటుకున్న ఒక్కో కణానికి ఒక్కో చుక్క చొప్పున, తెర నిండా పచ్చ చుక్కలు పడుతున్నాయి. అంటే కణాల మీద మందు పట్టుకునే రిసెప్టర్ ఉంది! అది లేదనే కదా ఆమెకు మందు ఇవ్వలేదు!

ఒళ్లు మండి పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాడు.

"సార్, అప్పుడు పరీక్షకు మీరు వాడమన్నది పాడైపోయిన యాంటీబాడీ. అందుకే అది మా అక్క కణాలకు అంటుకోలేదు."

"అర్ధరాత్రి ఈ గోలేంటయ్యా? ఇప్పుడు తేలిస్తే పోయిన మనిషి లేచొస్తుందా?"

పళ్లు నూరుతూ గొట్టాన్ని యంత్రంలోంచి బయటికి లాగాడు. అయినా తెర మీద చుక్కలు పడటం ఆగలేదు. ఇందాక మంచులోంచి తీసిన ఆ గొట్టం, చిన్నప్పుడు జ్వరమొస్తే నుదుటి మీద వేసిన అక్క చేయిలా వెచ్చగా ఉంది.

"ఫోన్ పెట్టెయ్యకండి సార్," అన్నాడు మెల్లగా. "ఆ మాటేదో మా అక్కతోనే అనండి."