పిడికిలి ఒప్పందం

“రాక్షసుడా! వదులు!”

టైలరమ్మ అరుపుకి కాలిన గాయాల వార్డు మొత్తం అటు తిరిగింది.

ఆయన వదల్లేదు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఆమె కుడిచేతి వేళ్ళను ఒక్కొక్కటే వెనక్కి సాగదీస్తున్నాడు.

కుట్టుషాపులో ఆవిరి ఇస్త్రీపెట్టె గొట్టం పగిలి ఆ చెయ్యి కాలింది. పుండు మానుతోంది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. మానేకొద్దీ చర్మం దగ్గరికి లాక్కుని, వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోతున్నాయి. రోజూ ఎవరో ఒకరు సాగదియ్యాలి. ఆ వార్డులో అది ఇంట్లోవాళ్ళ పని. నర్సు ఒకసారి చేసి చూపిస్తుంది, తర్వాత వాళ్ళే చేసుకోవాలి.

టైలరమ్మకి ఉన్నది తల్లి ఒక్కతే. మొదటిరోజు కూతురు కెవ్వుమనగానే ఆవిడ చెవులు మూసుకుని వరండాలోకి పోయింది. మళ్ళీ ఆ చెయ్యి ముట్టుకోలేదు.

అప్పట్నుంచి ఈయన వస్తున్నాడు.

నెరిసిన జుట్టు, మోటు చేతులు. నవ్వన్నది ఎరగడు. రోగులు ఆయనకి ‘పట్టకారు’ అని పేరు పెట్టారు. ఆస్పత్రివాళ్ళు కాంట్రాక్టు మీద తెచ్చుకున్న మనిషి కాబోలు అనుకున్నారు. జాలి చూపించాలని కాంట్రాక్టులో రాయలేదేమో అని ఒకాయన జోకు కూడా వేశాడు.

మొదటిరోజే ఆయన ఒప్పందం చెప్పాడు.

“నన్ను తిట్టమ్మా. ఎంతైనా తిట్టు. వద్దని మాత్రం అనకు.”

“అంటే?”

“ఆపేస్తాను.”

“అనకపోతే?”

“మళ్ళీ కత్తెర పట్టుకుంటావు.”

ఆమె ఒప్పుకుంది. కత్తెర పట్టలేని టైలర్ని ఎవరు పిలుస్తారు? ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ చేత్తోనే.

తిట్టింది. నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన ఏడు తరాలనీ దులిపేసింది. ఈలోగా బొటనవేలు కదిలింది. చూపుడువేలు సగం దాకా లేచింది.

“చూశారా, లేచింది!” అంది కన్నీళ్ళు తుడుచుకుంటూ.

“ఇంకా సగం ఉంది,” అన్నాడాయన.

మెచ్చుకోలు మాట ఒక్కటైనా అంటే ఆయన సొమ్మేం పోయింది? తల్లికి ఒళ్ళు మండిపోయింది.

ఒకరోజు చర్మం చిట్లి నెత్తురొచ్చింది. తల్లి పెద్ద డాక్టరు గదిలోకి పరుగెత్తింది.

“మీ మనిషి నా కూతుర్ని చంపేస్తున్నాడు బాబూ!”

డాక్టరు వచ్చాడు. అంత నెత్తురు మామూలేనని చెప్పాడు. తల్లి వినలేదు.

“ఏమ్మా, ఈయనతో చేయించుకుంటావా, వద్దా? నీ ఇష్టం,” అన్నాడు డాక్టరు టైలరమ్మతో.

ఆమె నెత్తురు వైపు చూసింది. ఏడుస్తున్న తల్లి వైపు చూసింది.

“వద్దు.”

ఆ మాట పూర్తయ్యేలోపే ఆయన వేళ్ళు వదిలేశాడు.

“సరే తల్లీ,” అని లేచి వెళ్ళిపోయాడు.

ఇక ఆ పని నర్సులు చూస్తారన్నారు. అంత వార్డుకి ఉన్నది ఇద్దరే నర్సులు. వాళ్ళకి వీలు చిక్కినప్పుడు టైలరమ్మ నిద్రపోతూ ఉండేది. తల్లి లేపనిచ్చేది కాదు.

చెయ్యి ముడిచి పెట్టుకుంటే నొప్పే లేదు. తల్లి దాని కింద మెత్తటి దిండు పెట్టింది. కూతురు ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయింది.

కొన్నాళ్ళకి డాక్టరు వచ్చి చెయ్యి తెరవమన్నాడు.

పిడికిలి విచ్చుకోలేదు. లేచిన వేలు మళ్ళీ అరచేతిలో పడుకుంది.

“ఇలాగే ఉంచితే ఆపరేషన్ చేసి ఆ చర్మం కొయ్యాల్సి వస్తుంది. కోసినా పాత చెయ్యి తిరిగొస్తుందని చెప్పలేను,” అన్నాడు డాక్టరు.

టైలరమ్మ ఎడంచేత్తో తల్లి కొంగు పట్టుకుంది.

“అమ్మా, ఆయన్ని పిలువు. వద్దన్నది నేనేగా. కాళ్ళావేళ్ళా పడైనా తీసుకురా.”

తల్లి నర్సు దగ్గరికి వెళ్ళింది.

“మీ కాంట్రాక్టు మనిషి ఇల్లెక్కడమ్మా?”

“ఆయన మా మనిషి కాదండీ. జీతం లేదు, భత్యం లేదు. ఇంట్లోవాళ్ళు చెయ్యలేని వాళ్ళకి చేస్తానని ఆయనే వచ్చేవారు. నేను కబురు పెట్టాను కూడా. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారట.”

“మరి ఇప్పుడెవరు చేస్తారు?”

“మీరే.”

నర్సు ఆవిడని స్టూలు మీద కూర్చోబెట్టింది. తల్లి కూతురి వేలు పట్టుకుంది. కూతురు పళ్ళ బిగువున మూలిగింది. తల్లి చటుక్కున వదిలేసింది.

“నా వల్ల కాదు. కన్నతల్లిని. ఆయనది రాతిగుండె, చెయ్యగలిగాడు.”

నర్సు ఆవిడ చేతిని తీసి మళ్ళీ కూతురి వేళ్ళ మీద పెట్టింది.

“పోయినేడు ఆయన కూతురు ఈ వార్డులోనే ఉండేదండీ. రెండు చేతులూ కాలాయి. పిల్ల ఏడుపు చూడలేక, ముట్టుకోవద్దని మాకు చేతులు జోడించారు. ఇప్పుడు రెండు పూటలా ఆ పిల్లకి ఆయనే అన్నం తినిపిస్తున్నారు.”