హేమనళిని గారి కేక

పాలు పొంగబోతుంటే మా పొయ్యి హేమనళిని గారి గొంతుతో "చచ్చాన్రా దేవుడోయ్!" అని అరుస్తుంది. మా ఇంట్లోనే ఏమిటి, ఇప్పుడు రాష్ట్రంలో ప్రతి వంటింట్లోనూ ఇదే. నలభై ఏళ్లు సినిమాల్లోనూ సీరియళ్లలోనూ జారిపడుతూ ఆవిడ అరిచిన అరుపు అది. పొయ్యిల కంపెనీ కొనుక్కుంది. తర్వాత ఆవిడకు వేషాలు రాలేదు. రోజూ వంటింట్లో వినే గొంతును తెర మీద ఎవరు వింటారు?

ఆవిడ ఉండేది మా పై ఫ్లాట్‌లోనే, ఒంటరిగా.

మొన్న మంగళవారం పొద్దున్న అరుపు వినిపించింది. పరుగెత్తి చూస్తే మా పొయ్యి మీద ఏమీ లేదు.

"ఎదురింటి వాళ్లవి పొంగుంటాయిలే," అన్నారు మా ఆయన. ఎదురింటావిడ మావి అనుకుందట. అరుపు గంటసేపు ఆగలేదు.

"ఏ మహాతల్లో గిన్నె మాడ్చేస్తోంది," అని అత్తగారు విసుక్కున్నారు.

మధ్యాహ్నం పనిమనిషి పై ఫ్లాట్‌కి వెళ్లేసరికి హేమనళిని గారు తుంటి విరిగి బాత్రూములో పడి ఉన్నారు. ఆసుపత్రికి వెళ్లి పలకరించాను.

"నా కేక వినపడలేదా అమ్మాయ్?"

"వినపడిందండీ. పాలనుకున్నాం."

"పోనీ, ఎవరైనా నవ్వారా?"

"లేదండీ."

ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

ఆ రోజు కేకను మా పొయ్యిలన్నీ విని దాచుకున్నాయట. వారం తిరక్కుండా కంపెనీ పాత అరుపు తీసేసి దీన్ని పెట్టింది. నిన్న పాలు పొంగబోయినప్పుడు మొదటిసారి విన్నాం.

అత్తగారు చెవి ఒగ్గి, తల పంకించారు.

"ఇదే నయమే. పాతదాంట్లో నటన ఎక్కువ."