పాక వైపు కిటికీ

తెల్లారి తలుపు తీసేసరికి గుమ్మం ముందు మళ్ళీ ఎవడో కక్కి పోయాడు. దుర్గాంబ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని బూడిద చల్లింది. చీపురుతో కాలవలోకి ఊడ్చింది. బిందెడు నీళ్ళు కుమ్మరించింది. అయినా కంపు పోలేదు. పులిసిన కల్లు, ఎండుచేప, ఉచ్చ. మద్యనిషేధం ఎత్తేసిన దగ్గర్నుంచీ రేపల్లెలో ఆ కాలవగట్టున తెల్లవారడం ఇలాగే.

ఆమె ఇంటి గోడకు ఆనుకునే ఉంది బ్రహ్మానందం కల్లుపాక. మామూలు పాక కాదది. పొద్దు వాలేసరికి చౌడయ్య హార్మోనియం పెట్టె తెరుస్తాడు. నాటకాల కంపెనీలు మూతపడి వేషాల్లేని వాళ్ళంతా తెనాలి నుంచి, బాపట్ల నుంచి దిగుతారు. ముంత ఖాళీ చేసి పద్యం ఎత్తుకుంటారు. వినేవాళ్ళు బల్లలు గుద్ది "వన్స్‌మోర్" అంటారు. ఈగలు కూడా లేచి మళ్ళీ వాలతాయి.

ఆ మందలో దుర్గాంబ మొగుడు వెంకటరత్నం ఒకడు. కృష్ణుడి వేషం మానేసి, పొలం చూసుకుంటూ బుద్ధిగా ఉన్న మనిషి. కిందటేడు గుంటూరులో కొన్నాళ్ళుండి వచ్చాక ఈ పాక మరిగాడు. పాకలో ఎవరు పలకరించినా ఓ పద్యం అందుకుంటాడు.

"వేషం పోయినా రత్నం బావకి కిరీటం దిగలేదురోయ్" అని తాగుబోతులు నవ్వుకునేవారు. కిటికీలోంచి ఆ నవ్వులు విని, "వెధవ సంత" అని గొణుక్కునేది దుర్గాంబ. అంతకుమించి ఇంటి సంగతి బయటికి పొక్కనిచ్చే మనిషి కాదామె.

ఇప్పుడా పాకకి మూత పడేలా ఉంది. ఎదురుగా కొత్త మేడ కట్టుకుని దిగిన రిటైర్డు హెడ్‌మాస్టరు జగన్నాథరావు పైకి ఫిర్యాదు చేశాడు. శుక్రవారం ఎక్సైజు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. పాకకు ఆనుకుని ఉన్న ఇల్లు ఒక్కటే. ఆ ఇంటివాళ్ళు ఇబ్బందని ఒక్కమాట అంటే చాలు, పాక పీకేస్తారు.

బ్రహ్మానందం కొల్లూరు అరటిగెల ఒకటి మోసుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"ముట్టుకోమాక. ఆ చేతుల్తోనేగా ఆ ఎంగిలి ముంతలు కడిగేది."

"గుమ్మం రోజూ నేనే కడిగిస్తా. బావని కూడా ఇకనించి పాక గడప తొక్కనివ్వను. ఒట్టు."

"ఆ మాట నేనడిగానా?"

"మరేం చెయ్యమంటావక్కా?"

"ముందు అవతలికి పో. కంపు."

అతను గెల అక్కడే వదిలేసి పోయాడు. ఆమె దాన్ని గేదెకి వేసింది.

ఆ సాయంత్రం హెడ్‌మాస్టరు వచ్చాడు. పుష్యమాసం చలికి చెవుల మీదుగా మఫ్లరు చుట్టుకున్నాడు. కుర్చీ తుడిచి మరీ కూర్చున్నాడు. మూలన మడతమంచం మీద ఉన్న వెంకటరత్నాన్ని చూసి గొంతు సవరించుకున్నాడు.

"రత్నం గారూ, పెద్దమనిషి అయివుండి ఇల్లాలిని ఇలా బాధపెట్టొచ్చాండీ?"

వెంకటరత్నం ఆయన వంక చూసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"చూశారామ్మా, సిగ్గుతో నోరు పెగలడం లేదు. అంత సరదాగా ఉంటే ఇంట్లోనే పాడుకోవచ్చుగా?"

"అదీ అయింది మాస్టారూ. చౌడయ్యని పిలిచి ఇక్కడే పెట్టె వాయించమన్నా. ఈయన నోరు తెరవలా. ఆ తాగుబోతులు బల్ల గుద్దితేగానీ గొంతు లేవదు."

"ఛీ ఛీ. కనీసం పాక వైపు కిటికీ అయినా మూసుకోండి."

"ఉక్కపోత మాస్టారూ" అంది దుర్గాంబ.

శుక్రవారం జీపు వచ్చింది. ఊళ్ళో సగం జనం కాలవగట్టున మూగారు. గోడవార ఒకడు అప్పటికే పడిపోయి ఉన్నాడు. వాడి మూతి మీద ఈగలు ముసురుతున్నాయి. దుర్గాంబ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టరు అడిగాడు. "ఏమ్మా, వాసనొస్తుందా?"

"నాకు జలుబండి. ఏ వాసనా తెలీదు" అంది, ముక్కుమీది కొంగు తీయకుండానే.

"గుమ్మం ముందు వాంతులు చేసుకుంటున్నారటగా?"

"కుక్కలండి."

"గోలేమైనా?"

"గోలేంటండీ. దేవుడి పద్యాలు."

ఇన్‌స్పెక్టరు అరుగు మీదున్న వెంకటరత్నం వైపు తిరిగాడు.

"మీరేమంటారండీ?"

"ఆయన్నడిగేదేంటండీ" అని దుర్గాంబ అడ్డం వచ్చింది. "ఈ ఇంట్లో మాట నాదే."

జీపు వెళ్ళిపోయింది. పాకలో ఈలలు వేశారు. హెడ్‌మాస్టరు ఆమె దగ్గరికి వచ్చి, "మీరింత అబద్ధాలకోరనుకోలేదమ్మా. మొగుణ్ణి మీ చేతుల్తోనే ఆ రొచ్చులోకి తోస్తున్నారు" అన్నాడు.

"రొచ్చేనండి" అని కాలవలోకి ఉమ్మేసింది దుర్గాంబ.

పొద్దు వాలింది. చౌడయ్య పెట్టె తెరిచాడు. వెంకటరత్నం కండువా భుజాన వేసుకుని, కాలు ఈడ్చుకుంటూ పాకలోకి వెళ్ళాడు. దుర్గాంబ పీట లాక్కుని కిటికీ పక్కన కూర్చుంది. గుప్పున కంపు కొట్టింది. కొంగు ముక్కుకి అదిమిపెట్టుకుంది. చెవి మాత్రం ఊచలకి ఆనించింది.

గుంటూరు పెద్దాసుపత్రిలో పక్షవాతానికి మందిచ్చి ఇంటికి పంపిన నాటినుంచీ, ఆ పాకలో పద్యం ఎత్తుకున్నప్పుడు తప్ప, వెంకటరత్నం నోట ఒక్క మాట రాలేదు.