పదకొండో పాఠం

ఉపన్యాసం ముగించి, ప్రశ్నలేమైనా ఉన్నాయా అని శ్రీదివ్య అడగ్గానే చివరి వరుసలో ఓ ముసలావిడ లేచి నిలబడింది.

శ్రీదివ్య గుంటూరులో సంగీతం లెక్చరరు. ఆ సాయంత్రం గంటసేపు తడుముకోకుండా మాట్లాడింది. బల్గేరియాలో బడి సంగీతం ఎలా మొదలైందో చెప్పింది. చెక్ దేశపు బ్యాండు మాస్టర్లు వచ్చి చిన్న చిన్న ఊళ్లలో స్వరాలు రాయడం నేర్పారనీ, 1904లో సోఫియాలో సంగీత పాఠశాల పెట్టారనీ వివరించింది.

మన వైపు ఆ పని చేసింది వినుకొండ గౌస్ బాషా గారని ముగించింది. అరవై ఏళ్ల కిందట ఆయన నాదస్వరం బడి పెట్టి, పాఠాలన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కించారు. ఇప్పుడది శ్రీదివ్య సంపాదకత్వంలో పిల్లల పాఠ్యపుస్తకంగా అచ్చవబోతోంది.

ముసలావిడ తన పేరు జైతున్‌బీ అనీ, నల్లపాడు నుంచి వచ్చాననీ చెప్పింది.

"పదకొండో పాఠం మూడో వరుసలో ఒక స్వరం తగ్గిందమ్మా. 'ద' తర్వాత 'ని' ఉండాలి. అచ్చేసేముందు దిద్దండి."

శ్రీదివ్య నవ్వింది. ఆ ఖాళీ గౌస్ బాషా గారి బాణీ అనీ, దాని మీద తాను రెండు పేజీలు రాశాననీ ఓపిగ్గా చెప్పింది.

"బాణీ కాదు తల్లీ. రాసేటప్పుడు జారిపోయింది."

"పెద్దాయన చేతిరాతమ్మా అది. మనం దిద్దకూడదు."

"తప్పును అలాగే అచ్చేస్తే పిల్లలూ అలాగే ఊదుతారు కదా."

ఎవరో నవ్వారు. టైమైపోయిందని నిర్వాహకులు మైకు తీసుకున్నారు. ఆవిడ ఇంకేదో చెప్పబోయి, కొంగు తలమీదకి లాక్కుని వెళ్లిపోయింది.

నెల తర్వాత ప్రూఫులొచ్చాయి.

మాలిక్ అనే విద్యార్థి చేత శ్రీదివ్య ఆ పాఠం ఊదించింది. తను తాళం వేసింది. మూడో వరుస చివర ఒక దెబ్బ మిగిలిపోయింది. మళ్లీ ఊదమంది. మళ్లీ మిగిలింది.

'ద' తర్వాత 'ని' చేర్చి ఊదమంది.

వరుస తాళంలో చక్కగా కూర్చుంది.

శ్రీదివ్య తన రెండు పేజీలూ కొట్టేసింది. తప్పని తేలాక పట్టుకుని వేలాడే మనిషి కాదామె. దిద్దిన పేజీ తీసుకుని ఆదివారం పొద్దున్నే నల్లపాడు వెళ్లింది.

జైతున్‌బీ ఇల్లని ఊళ్లోవాళ్లు చూపించిన చోట అల్లాబక్షు అనే అతను మిర్చి బస్తాలు ఆటోకి ఎత్తిస్తున్నాడు. జైతున్‌బీ కొడుకునేనన్నాడు. అమ్మ పోయి పన్నెండు రోజులైందన్నాడు.

శ్రీదివ్య అరుగు మీద కూర్చుని సంచీ తెరిచింది. దిద్దిన పేజీ తీసి అతని ముందుకు చాపింది.

"అమ్మగారు చెప్పిందే నిజమండీ. గౌస్ బాషా గారి పొరపాటు దిద్దాం. ఆ మాట ఆవిడతో చెబుదామని వచ్చాను."

అల్లాబక్షు చేతులు తువ్వాలుకి తుడుచుకుని ఆ పేజీ అందుకున్నాడు.

"పొరపాటు మా తాతది కాదు మేడమ్," అన్నాడు. "ఆయనకి సంతకం పెట్టడం కూడా రాదు, ఆయన ఊదుతుంటే పద్నాలుగేళ్ల వయసులో పక్కన కూర్చుని ఆ పుస్తకమంతా రాసిందీ, ఆ బళ్లో మొదటి పాఠాలు చెప్పిందీ మా అమ్మే."