ముందు మనకే

గని గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆమె భర్త చొక్కా మడత పెడుతోంది. పెట్టిన మడత విప్పి మళ్లీ పెడుతోంది.

గనిలోకి నీళ్లు వచ్చాయి కదా, తడిసి ముద్దై పైకొస్తాడు. పొడి బట్టలు ఉండాలి.

గేటు దగ్గర పుకార్లకు కొదవ లేదు. పొద్దున అందరూ బతికే ఉన్నారన్నారు. మధ్యాహ్నానికి ఒక్కడూ లేడన్నారు. ఒక అధికారి వచ్చి "చూస్తున్నామమ్మా" అన్నాడు. ఏం చూస్తున్నాడో చెప్పకుండానే కారెక్కాడు.

అందుకే ఎవరేం చెప్పినా ఆమెది ఒకటే ప్రశ్న.

"తమ్ముడు టీవీలో చెప్పాడా?"

తమ్ముడంటే రిపోర్టరు. వచ్చీ రాగానే "అక్కా" అని పిలిచాడు. వరస కలిపితే మాట కలుస్తుందని ఆ వృత్తిలో అందరికీ తెలిసిందే. కానీ రెండు రోజులకే ఆ వరస అతనికి నిజంగా అంటుకుంది.

కెమెరా ఆగాక పక్కన చతికిలబడి, "ఏం కాదులే అక్కా, వచ్చేస్తాడు" అనేవాడు.

కెమెరా ముందు మాత్రం ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. ఆమె కెమెరా వెనక నిలబడి అంతా వినేది.

సాయంత్రం గనిలోంచి పైకొచ్చిన డాక్టరు రిపోర్టరుకు పాత స్నేహితుడు. పక్కకు పిలిచి ఆమె భర్త పేరు చెప్పాడు.

"పోయాడు. నేనే చూశాను. ఇంకా ఎవరికీ చెప్పలేదు."

రిపోర్టరు అలవాటు కొద్దీ ఆఫీసుకు ఫోన్ చేశాడు. చేయకుండా ఉండాల్సింది.

"భార్యకి తెలుసా?" డెస్కు ఇన్‌ఛార్జి అడిగాడు.

"ఇంకా తెలీదు సార్."

"అయితే లైవ్‌లో నువ్వే చెప్పు. ఆమె ఏడుపు ముందు మనకే రావాలి."

"ఆమె కూడా మనిషే సార్."

"అందుకేగా జనం చూసేది! ఉద్యోగం చేసే ఉద్దేశం ఉందా లేదా?"

రిపోర్టరుకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ పెట్టేశాడు.

"కెమెరా దించెయ్," అన్నాడు.

కెమెరామన్ నోరు విప్పడం అరుదు. అందరూ అతన్ని మౌనస్వామి అని వెక్కిరిస్తారు. ఆ మనిషి కూడా "బతికించావురా బాబూ" అని కెమెరా దించేశాడు.

రిపోర్టరు మైకు పక్కన పడేసి, ఆమె కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అక్కా... బావ ఇక లేడక్కా. డాక్టరు చూశాడంట."

ఆమె అతని మొహంలోకి చూసింది. నేల మీదున్న కెమెరాను చూసింది.

ఆమె మొహం తేటపడింది.

"ఊరుకో తమ్ముడూ. నిన్నూ ఎవరో నమ్మించారు."

"లేదక్కా, నిజం."

"ఇక్కడే కూర్చుని వచ్చేస్తాడని కూడా అన్నావుగా. అదేమన్నా తెలిసి చెప్పావా? నీకు ఖాయంగా తెలిసింది అందులోనే చెప్తావు. నాకు తెలీదనుకున్నావా ఏంటి?"

ఆమె కెమెరా వైపు వేలు చూపించింది.

"నిజమైతే అందులో చెప్పు. వింటాను."

ఆమె జుట్టు సర్దుకుని, కుర్చీని కెమెరా వైపు తిప్పుకుంది.

మౌనస్వామి అతని వంక చూశాడు. తర్వాత కెమెరాను మెల్లగా భుజానికెత్తుకున్నాడు.

రిపోర్టరు మైకు అందుకుని గొంతు సవరించుకున్నాడు.